వర్ని లైన్ కూత

ఆయన పేరు చెప్ప. చెప్తే బోధన్ల సగం మంది "అరె, మా చిచ్చానే గద" అని కండ్లనీళ్లు పెట్టుకుంటరు, మిగిలిన సగం నాతోని కొట్లాటకొస్తరు. నేను ఆ రెండు దిక్కులా ఉన్నోణ్ణి. గందుకే రాస్తున్న.

మొన్న పొద్దుగాల నా రిపేరు షెడ్డుల ట్రాక్టర్ కింద పండి బోల్టు బిగిస్తుంటే ఒకడొచ్చి, "చిచ్చా పోయిండంట అన్నా, నిజామాబాద్ల, కంఠేశ్వర్ దిక్కు బిడ్డ ఇంట్ల" అన్నడు. "ఎప్పుడురా?" అన్న. "తెల్లారంగ" అన్నడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుందామని గుడ్డ కోసం అటు ఇటు చూసిన, దొరకలే. అంగికే తుడుచుకొని బస్సు ఎక్కిన.

ఆ చేతులు తుడుచుకునుడంటే చిచ్చానే యాదికొస్తడు, ఏం జెయ్యాలె. ఫ్యాక్టరీ రైలింజన్ డ్రైవర్, భుజం మీద ఎప్పుడూ ఒక గళ్ల గుడ్డ. ఇంజన్ దిగంగనే తుడుచుకునేది, సరే, అందరు డ్రైవర్లు తుడుచుకుంటరు. ఈయన ఏదన్నా అడిగితే జవాబు చెప్పే ముందుగాల తుడుచుకుంటడు. "చిచ్చా, అన్నం తిన్నవా?" అంటే కూడా, ఒక్కొక్క వేలు తుడిచి, గుడ్డ మల్ల భుజం మీదేసుకొని, గప్పుడు "తిన్న" అంటడు. నాకు మండుతుండె. అప్పటికి ఆ చేతులు సబ్బుతోని కడిగి సుబ్బరంగ ఉంటయి, తుడువనీకె ఏమీ ఉండదు.

ఇంకోటి, ఆయన మాట. దేనికైనా ఒక్కటే మాట: "ఆగు బేటా, ప్రెషర్ రానియ్యి." పొద్దుగాల ఇంజన్ కదలకపోతే గది అంటే అర్థముంది, నీళ్లు ఉడకాలె, ఆవిరి పట్టాలె. గని పెండ్లిల కూర ఇంకా రాలేదంటే గదే మాట, బస్సు రాలేదంటే గదే మాట, బిడ్డకు కాన్పు ఆలస్యమైతుందంటే గదే మాట. ఒకసారి దవాఖాన ముంగట నిలబడి గట్లంటే నర్సమ్మ తిట్టి బయటికి పంపింది.

మా ఫ్యాక్టరీ పేరుమోసిందేం కాదు. బోధన్‌కు అవతల చెరుకు పొలాల నడుమ చిన్న చక్కెర ఫ్యాక్టరీ, ఇప్పుడు దాని బోర్డు కూడా మారింది. గని దానికి సొంత రైలుండె. ఇప్పటి పిలగాండ్లకు చెప్తే నమ్మరు. పొలాల మధ్యలకెల్లి పోయే సన్న పట్టాలు, పొట్టి ఇంజన్, ఎనుక చెరుకు డబ్బాలు. మూడు దిక్కులకు మూడు లైన్లుండె. అందుల వర్ని దిక్కు పోయే లైన్ చిచ్చాది. లారీలు వచ్చినంక ఆ పట్టాలన్నీ పీకి తుక్కు కింద అమ్ముకున్నరు. ఆ పీకుడు కూడా నా కండ్ల ముంగటనే అయింది.

పొద్దు వాలంగ చిచ్చా ఖాళీ డబ్బాలు తీస్కొని పోతుండె. ఊరూరికి కొన్ని డబ్బాలు విడిచిపెట్టి, కదిలేటప్పుడు పొడుగ్గ ఒక్క కూత పెట్టేటోడు. ఆయన దాన్ని సీటీ అనేటోడు, ఊర్లోళ్లు ఆయన్ను సాబు అనేటోళ్లు. ఆ కూతకు రైతులు చెప్పుకున్న అర్థం ఒక్కటే: రేపు బండి తీస్కపోనీకె నేనొస్తున్న, చెరుకు కొట్టుకోండి. కూత వినంగనే ఇంటింట్ల కొడవండ్లు నూరుడు మొదలయ్యేది. తెల్లారి చెరుకు కొట్టేది, మోపులు కట్టేది, డబ్బాల నింపేది. కూత వినపడలేదంటే మాత్రం ఎవ్వడు చెరుకు గడ ముట్టకపోయేటోడు. నిలబడ్డ చెరుకుకేం కాదు. కొట్టిన చెరుకు ఎండకు పడుంటే ఎండుతది, తూకం పోతది, ఏడాది కష్టం మట్టిల కలుస్తది. ఇది ఏ రూల్ల లేదు, ఏ ఆఫీసర్ చెప్పలే. ఎనుకటి డ్రైవర్లు పెట్టిండ్రు, ఈయన పట్టుకొచ్చిండు.

ఇగ నా సంగతి. నేను ఇంజన్ షెడ్డుల ఫిట్టర్‌ను. ఫిట్టరంటే మస్తుగ అనిపిస్తది గని, సీజన్ ఫిట్టర్‌ను. చెరుకు ఆడినన్ని దినాలు పని, ఆఖరి బండి దిగినంక "పోయి మల్ల సీజన్‌కు రా" అని పంపుడు. బొగ్గేసే ఫైర్‌మన్లు, పట్టాలు మలిపే పాయింటోళ్లు, కొత్త డ్రైవర్లు, అందరిదీ గదే బతుకు. గప్పటికే నాకు వర్ని దిక్కు ఒక ఊర్ల పిల్లను చూసిండ్రు. పిల్ల నచ్చింది, నేనూ నచ్చిన. పిల్ల నాయిన చెరుకు రైతు, గట్టి మనిషి. అందరి ముంగట నన్ను కూసోబెట్టి, "సీజన్ నౌకరంటె ఎట్ల బిడ్డా? నా పిల్ల ఆర్నెల్లు మీ ఇంట్ల, ఆర్నెల్లు మా ఇంట్ల ఉంటదా? పర్మనెంటు కాయితం తెచ్చి సూపియ్యి, పిల్లను తీస్కపో" అన్నడు. అందరూ నవ్విండ్రు. నాకు నవ్వు రాలే.

ఆ కాయితం రావాలంటే యూనియన్‌కు, ఫ్యాక్టరీకి అగ్రిమెంట్ కావాలె. ఆ అగ్రిమెంట్ మాటలు ఎన్నేండ్లు నడిచినయో చెప్తే మీరు నన్ను అబద్ధాలకోరంటరు. సీజన్ మొదలుకాంగనే డిమాండ్లు ఇచ్చేటోళ్లం. మేనేజర్ సాబ్ ఎంత మంచిగ పిలుస్తడో! కుర్సీలు, చాయ్, బిస్కట్లు. "మీది న్యాయమే, హైదరాబాద్‌కెల్లి బోర్డు జవాబు రావాలె" అంటడు. జవాబు రాదు. మల్ల కూసుంటం. మల్ల చాయ్. "హోజాయేగా, హోజాయేగా" అంటడు, అయితది తియ్యి అన్నట్టు. గింతల చెరుకు అయిపోతది, గానుగ ఆగుతది, మమ్మల్ని ఇంటికి పంపుతరు. గానుగ ఆగినంక మేమెవరం, మాకు బలమేముంది? అది ఆయనకు ఎరుకే. మెల్లగ, నవ్వుకుంట, సీజన్ దాటించేటోడు.

షెడ్డు తరఫున నేను, డ్రైవర్ల తరఫున చిచ్చా, మా యూనియన్ సెక్రటరీ, మేం ముగ్గురం కూసునేటోళ్లం. చాయ్ రాంగనే చిచ్చా ఏం చేసేటోడంటే, సాసర్ తీసి కప్పు మీద బోర్లిచ్చేటోడు, మూత పెట్టినట్టు. మేనేజర్ సాబ్ ఎన్నిసార్లు అడిగిండో. "తాగండి సాబ్, చల్లారుతది." చిచ్చా వేళ్లు తుడుచుకొని, "సంతకమైనంక తాగుత సాబ్" అనేటోడు. అంతే. మాట పెంచడు, గొంతు పెంచడు. లేచి వచ్చేటప్పుడు మూత పెట్టిన కప్పు అట్లనే ఉంటుండె. నేను మాత్రం నా కప్పు తాగేటోణ్ణి, బిస్కట్ కూడా తినేటోణ్ణి. ఆకలైతుండె మరి.

బయటికొచ్చినంక నేను ఊకుంటనా? "చిచ్చా, చాయ్ తాగకుంటే ఆయనకేం నష్టం? ఆయన పైసలు మిగుల్తయి." అంటే, "ఆగు బేటా, ప్రెషర్ రానియ్యి." "ఇంకెంత ప్రెషర్ చిచ్చా, బాయిలర్ పగిలేటట్టుంది! నీకేంది, నువ్వు ఎనుకటికెల్లి పర్మనెంటు. పెండ్లయింది, పిల్లలైండ్రు. నా పిల్లను ఎవడో ఎత్తుకపోతడు" అన్న ఒకసారి. చిచ్చా పెద్దగ నవ్విండు. ఆయన నవ్వితే కండ్లు మూసుకపోతయి. "ఏడికి పోదు. నేను రోజు చూస్తున్న, మీ మామ పొలం గట్టు మీద మేకలు కాస్తుంటది. కూత పెడితే లేచి నిలబడ్తది" అన్నడు. నా పిల్లను నాకన్న ఆయననే ఎక్కువ చూస్తుండె.

ఆఖరికి ఒక సీజన్ల మాకందరికి ఓపిక సచ్చింది. సెక్రటరీ ఒక ఉపాయం తీసిండు. రేపు సమ్మె, గని ఎవరికీ చెప్పొద్దు. ఇయ్యాల పొద్దు వాలంగ మూడు లైన్ల డ్రైవర్లు ఎప్పటిలెక్కనే పోయి కూతలు పెట్టాలె. రైతులు తెల్లారంగనే చెరుకు కొడతరు. గప్పుడు మనం ఇంజన్లు ఆపాలె. కొట్టిన చెరుకు ఎండుతుంటే రైతులు ఊకుంటరా? ఫ్యాక్టరీ మీద పడతరు. మేనేజర్ సాబ్ దిగొస్తడు. వినంగనే నేను శెభాష్ అన్న. అందరూ అన్నరు. చిచ్చా మాత్రం చేతులు తుడుచుకుంట కూసున్నడు. తుడిచినంక ఏదో అంటడని చూసిన. ఏం అనలే. ఒప్పుకున్నడనుకున్నం.

ఆ పొద్దు నేను ఆయన ఇంజన్ల ఉన్న. ఒక పైపు దగ్గర ఆవిరి లీకైతుండె, చూడనీకె ఎక్కిన. నిజం చెప్పాలంటే ఆ లీకేజీ షెడ్డులనే సరిచేయొచ్చు, మా మామ పొలం ముంగటికెల్లి పోతది గద అని ఎక్కిన. ఊరొచ్చింది. డబ్బాలు విడిచిండు. గట్టు మీద మా మామ నిలబడ్డడు, నడుముకు కొడవలి చెక్కుకొని. ఎనుక ఆ పిల్ల కూడా ఉంది. ఇంజన్ కదిలింది. కూత లేదు.

"చిచ్చా, కూత!" అన్న. వినపడలేదనుకొని మల్ల అన్న. కూత తాడు తెగిందా ఏంది అని పైకి చూసిన, మంచిగనే ఉంది. నేనే గుంజుదామని చెయ్యి పెట్టిన. చిచ్చా నా మణికట్టు పట్టుకున్నడు. ఎన్నడూ ముట్టని మనిషి, ఎంత గట్టిగ పట్టుకున్నడంటే బొగ్గు మసితోని వేళ్ల అచ్చు పడ్డది. "వద్దు" అన్నడు. అంతే, ఒక్క మాట. ఎనుకకు చూస్తే మా మామ ఇంకా గట్టు మీదనే నిలబడి చెవి పెట్టి వింటుండె. వర్ని దాక ఒక్క ఊర్ల కూడా కూత పెట్టలే.

ఇంకేముంది, కొంప మునిగింది. ఇంజన్‌కు ఏమన్న అయిందా అని అడగనీకె ఆ ఊర్లోళ్లు సైకిళ్ల మీద ఫ్యాక్టరీకి వచ్చిండ్రు. మేనేజర్ సాబ్ నవ్వు మొఖపోడే గని తెలివితక్కువోడు కాదు. కూత లేదంటే రేపు బండి లేదు, బండి లేదంటే సమ్మె. తెల్లారేసరికి ఏడికెల్లి తెప్పిచ్చిండో లారీలు తెప్పిచ్చిండు. మిగిలిన రెండు లైన్ల మీద కొట్టిన చెరుకును లారీలల్ల మోసుకున్నడు. అందినంత మోసిండ్రు, అందనిది పొలాలల్లనే ఎండింది. ఫ్యాక్టరీ ఆగలే. మా సమ్మె చప్పగ చల్లారింది, తల వంచుకొని పనిలకు పోయినం. అగ్రిమెంట్ మాట మల్ల సీజన్‌కే అన్నరు. నా పెండ్లి కూడా.

షెడ్డుల అందరి ముంగట చిచ్చాను పట్టుకున్న. "అమ్ముకున్నవ్ చిచ్చా! మమ్మల్ని అందరిని అమ్ముకున్నవ్!" అన్న. నా గొంతు నాకే కొత్తగుండె. చిచ్చా గుడ్డ తీసిండు. "తుడువకు! ముందు జవాబు చెప్పు!" అన్న. గప్పుడు మొదటిసారి ఆ మనిషి తుడుచుకోకుంట మాట్లాడిండు.

"దేఖ్ బేటా. సీటీ కొడితే రేపు వస్తనని. రానని తెలిసి ఎట్ల కొట్టాలె?"

"సమ్మె కోసం కొట్టాలె!"

"సమ్మె యూనియన్‌ది. ఇంజన్ కంపెనీది. సీటీ నాది. వాళ్లు చెరుకు కొట్టేది నన్ను చూసి." కొంచెం ఆగి, "కంపెనీ అబద్ధాలు చెప్తుందనే గద మనం కొట్లాడేది" అన్నడు.

ఆ మాట విన్నంక కూడా నా కోపం పోలే. యూనియనోళ్లు ఆయన్ను మాటల కాడికెల్లి తీసేసిండ్రు. షెడ్డుల ఎవరూ సరిగ పలకలే. నేను అసలే పలకలే. ఆయన మాత్రం నన్ను చూసినప్పుడల్లా "అచ్ఛా బేటా?" అనేటోడు, ఏం కానట్టు. ఇప్పుడు కూడా చెప్తున్న, ఆ పొద్దు ముందుగాలనే "నేను కొట్ట" అని మీటింగుల చెప్తే మేం వేరే ఉపాయం చూసుకునేటోళ్లం. చెప్పకపోవుడు ఆయన తప్పే. ఆ మాట మీద నేను నిలబడ్డ, ఇంకా నిలబడ్డ.

మల్ల సీజన్ వచ్చింది. మల్ల చాయ్, మల్ల బోర్డు జవాబు, మల్ల హోజాయేగా. ఈసారి దాచుడు గీచుడు ఏమీ లేదు, బాజాప్తా చెప్పే ఇంజన్లు ఆపినం. చిచ్చా కూడా ఆపిండు. పొయ్యిల నిప్పు తీసేసి, ఇంజన్‌ను పెండ్లి పిల్ల లెక్క తుడిచిపెట్టి ఇంటికి పోయి కూసున్నడు. మేనేజర్ సాబ్‌కు భయం లేదు. లారీలు ముందుగాలనే తెచ్చి వరుసగ నిలబెట్టుకున్నడు. ఊరూర డప్పు కొట్టిచ్చిండు: లారీలొస్తున్నయి, చెరుకు కొట్టుకోండి అని.

కాళ్లో వేళ్లో పట్టుకొని రైతులను ఆపుదామని సెక్రటరీ, నేను వర్ని దిక్కు పోయినం. పోయి చూస్తే ఏముంది, లారీలు ఖాళీగ నిలబడ్డయి, డ్రైవర్లు నీడకు పండుకున్నరు. ఒక్క గడ కూడా కిందపడలే. ఫ్యాక్టరీ మనిషి ఒకడు మా మామతోని గొడవపడుతుండె.

"డప్పు వినలేదా పటేలా?"

"ఇన్న."

"మరెందుకు కొడ్తలేరు?"

"సాబు సీటీ కొట్టలే."

"లారీలు కండ్ల ముంగట కనపడ్తలేవా?"

"కనపడ్తున్నయి. గని సాబు సీటీ కొట్టలే. పోయినేడు అవతల లైనోళ్లు కూతలు నమ్మి కొట్టిండ్రు, సగం ఎండబెట్టుకున్నరు. మాకు సాబు సీటీ కొట్టలే, మా చెరుకు నిలబడ్డది. ఈ డప్పును నమ్మి మేం కొడవలి తియ్యం."

అక్కడొక్కటే కాదు. ఆ రెండు లైన్లోళ్లు కూడా పోయినేడు చేతులు కాలిచ్చుకున్నరు గద, "వర్ని లైన్ల సీటీ మోగిందా?" అని అంగట్ల అడుగుకుంట చెరుకు ముట్టలే. మా మీద ప్రేమ అనుకునేరు, అదేం లేదు. వాళ్ల చెరుకు వాళ్లకు ముద్దు. ఫ్యాక్టరీల ఉన్న చెరుకు అయిపోయింది, గానుగ ఆగింది. సీజన్ నడుమ పొగగొట్టం పొగ లేకుంట నిలబడుడు నేను గప్పుడే చూసిన.

చిచ్చా ఇంటికి మేనేజర్ సాబ్ జీపు పంపిండు. మమ్మల్ని కూడా పిలిచిండు. చిచ్చా రాంగనే సెక్రటరీ లేచి తన కుర్సీ ఇచ్చిండు. మేనేజర్ సాబ్ మొఖంల నవ్వు లేదు. "మీరు ఒక్క కూత పెట్టండి సాబ్, మిగిలింది తర్వాత మాట్లాడుకుందం" అన్నడు.

చిచ్చా తుడుచుకున్నడు. బొటనవేలుకెల్లి మొదలుపెట్టి ఒక్కొక్క వేలు. జన్మల మొదటిసారి నాకు ఆ తుడుచుడు చూస్తుంటే పానం హాయిగుండె.

"రేపు వస్తనంటేనే కొట్టాలె సాబ్. వస్తనో రానో నాకేం ఎరుక? మీ చేతుల ఉంది."

హైదరాబాద్ బోర్డు జవాబు గా మధ్యాహ్నమే ఫోన్ల వచ్చింది. ఇన్నేండ్లు రానిది. ఫైర్‌మన్లు, పాయింటోళ్లు, కొత్త డ్రైవర్లు, షెడ్డు ఫిట్టర్లు, అందరికి పన్నెండు నెలల నౌకరి. సంతకాలైనయి. గింతల చాయ్ వచ్చింది. అందరం చిచ్చా దిక్కు చూసినం. మేనేజర్ సాబే కప్పు ఆయన ముంగటికి జరిపిండు. "ఇప్పుడన్నా తాగండి."

చిచ్చా కిటికీల నుంచి బయటికి చూసిండు. పొద్దు వాలుతుండె. దిగ్గున లేచిండు. "ఇప్పుడు ఇంజన్ల నిప్పేస్తే ప్రెషర్ వచ్చేసరికి టైమైతది. చీకటి పడకముందు వర్ని దాక పోవాలె. ఇయ్యాల వింటే రేపు కొట్టుకుంటరు."

"చాయ్ తాగి పో చిచ్చా" అన్న నేను. ఏడాది తర్వాత ఆయనతోని మాట్లాడిన మొదటి మాట గదే.

"చాయ్ ఏడికి పోతది బేటా" అని గుడ్డ భుజం మీదేసుకొని బయటపడ్డడు. ఆ కప్పు నేనే తాగిన, నాది కూడా తాగిన. తర్వాత ఎన్నో చాయ్‌లు ఆయనతోని తాగిన గని, ఆ చాయ్ మాత్రం ఆయనకు దక్కలే.

తెల్లారి పర్మనెంటు కాయితం జేబుల పెట్టుకొని, మా మామకు చూపిద్దామని ఊరికి ఉరికిన. వాకిట్ల అడుగుపెట్టేసరికే మా అత్త రోట్ల పసుపు దంచుతుంది. కబురు ఎవరు మోసుకొచ్చిండ్రో అడుగుదామనుకున్న, ఆ పెండ్లి హడావుడిల మర్చిపోయిన.

మొన్న కంఠేశ్వర్ పోయి, చిచ్చాకు మట్టి ఇచ్చి ఇంటికొచ్చి స్నానం చేసిన. మా ఆమె చాయ్ తెచ్చి పక్కన కూసుంది. ఇన్నేండ్లకు గప్పుడు గుర్తొచ్చి అడిగిన: "ఆ పొద్దు నేను కాయితం తేకముందే మీ అవ్వ పసుపు దంచుతుండె. మీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె?" అన్నది. "పొద్దుగూకంగ కూత వినపడ్డది. నాయిన కొడవలి తీసిండు, అవ్వ రోకలి తీసింది."

"మరి మీ నాయిన కాయితం సూపియ్యాలె అన్నడు గద?"

కొంగుతోని కండ్లు ఒత్తుకొని అన్నది: "మా అవ్వ గూడ గదే అడిగింది. సాబు సీటీ కొట్టిండు, ఇగ కాయితమెందుకన్నడు నాయిన."